ఆఫీసులో బ్రేక్ తీసుకోవడం ఎలా: ఏది అలిసిందో చూసి లేవండి

తల బరువెక్కిందని టీకి లేస్తారు. టీ తాగినంతసేపూ ఫోన్ చూస్తారు. మళ్లీ సీట్లోకొచ్చి స్క్రీన్ ముందు కూర్చుంటారు. పదిహేను నిమిషాలు పోయాయి గానీ కళ్లకు ఒక్క క్షణం కూడా తెరిపి దొరకలేదు. విశాఖలో రుషికొండ ఐటీ ఆఫీసులోనైనా, ద్వారకానగర్‌లో ఆడిటర్ దగ్గరైనా, పోర్టు పక్కన షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులోనైనా బ్రేకులు దండగయ్యేది ఎక్కువగా ఇలాగే. అందుకే కుర్చీలోంచి లేచే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు అలిసింది కళ్లా, నడుమా, గొంతా, బుర్రా? వచ్చిన జవాబును బట్టి బ్రేక్ మారాలి.

ముందు రెండు రోజులు రాసుకోండి

అలవాట్లేవీ మార్చకుండా రెండు పనిరోజులు కీబోర్డు పక్కన ఒక చీటీ పెట్టుకోండి. ఒకే మెయిల్ రెండోసారి చదవాల్సి వచ్చినప్పుడు, భుజాలు చెవుల దాకా లేచిపోయాయని గమనించినప్పుడు, పక్క సీటువాళ్లు మామూలుగా అడిగినదానికి కూడా విసుక్కున్నప్పుడు టైమ్ వేసి పక్కన ఒక అక్షరం రాయండి. కళ్లకు క, నడుముకు న, గొంతుకు గొ, బుర్రకు బు. వివరాలు అక్కర్లేదు.

పగటి షిఫ్టువాళ్ల చీటీలో సాధారణంగా రెండు చోట్ల అక్షరాలు గుంపు కడతాయి. ఒకటి భోజనానికి ముందు, రెండోది రెండు నుంచి నాలుగు మధ్య. ఆ రెండోదానికి కారణమంతా అన్నం మీద తోసేయకండి. మధ్యాహ్నం కాస్త మందగించడం ఒంటి గడియారంలోనే ఉంది, భోజనం మానేసినా వస్తుంది. బరువైన భోజనం దాన్ని పెంచుతుందంతే.

గుంపు ఎక్కడ మొదలైందో చూసి, దానికి పావుగంట ముందు బ్రేక్ పెట్టుకోండి. పూర్తిగా అలిసిపోయాక తీసుకుంటే పది నిమిషాలు చాలవు, అరగంటైనా తేరుకోలేరు. అరగంట తీసుకుంటే పని పేరుకుపోయిందని భయం, ఆ భయంతో తర్వాతి బ్రేక్ ఎగ్గొట్టడం. ఈ చక్రం మొదలైతే రోజంతా అదే.

రోజుకు ఒక చట్రం

తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా ఉండే ఉద్యోగానికి ఇది పనికొస్తుంది: 11:10కి పది నిమిషాలు, 1:15కి భోజనం నలభై నిమిషాలు, 3:30కి పది నిమిషాలు, 5:15కి అయిదు నిమిషాలు. మీ చీటీని బట్టి అటూ ఇటూ జరపండి గానీ సంఖ్య తగ్గించకండి. వీటి మధ్యలో అరగంటకోసారి ఒకటి రెండు నిమిషాలు నిలబడాలి.

25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పద్ధతి చాలామంది పాటిస్తారు. బిల్లులు ఎంట్రీ చేసేవారికి, కస్టమర్ల ఫిర్యాదుల టికెట్లు మూసేవారికి అది బాగానే కుదురుతుంది. కోడ్ రాసేవారికి, బ్యాలెన్స్ షీట్ సరిచూసేవారికి కుదరదు. విషయం బుర్రకెక్కడానికే పావుగంట పడుతుంది, ఎక్కిన పది నిమిషాలకే గంట మోగుతుంది. అలాంటి పనికి 50–10 గానీ 75–10 గానీ మేలు. ఆ 75 నిమిషాల్లోనూ నిలబడటం మాత్రం మానొద్దు. నిలబడి కూడా ఆలోచించొచ్చు.

అరగంటకోసారి లేవడానికి అలారం పెట్టుకుంటే మూడో రోజు నుంచి దాన్ని చూడకుండానే నొక్కేస్తారు. అలారం బదులు దేన్నైనా పనికి ముడిపెట్టండి: ఫోన్ వస్తే నిలబడే మాట్లాడాలి, ప్రింటర్ దూరంగా ఉన్నది వాడాలి, నీళ్లకు రెండు లీటర్ల సీసా మానేసి అర లీటరుది పెట్టుకోవాలి. చిన్న సీసా త్వరగా ఖాళీ అవుతుంది, నింపడానికి లేవక తప్పదు, తర్వాత బాత్రూమ్‌కీ లేవక తప్పదు. మీటింగ్ మధ్యలో లేవడానికి మొహమాటపడి మూత్రం ఆపుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ భయంతో నీళ్లే తాగడం తగ్గించేస్తారు. ఇన్ఫెక్షన్‌కు దారి అక్కడే తెరుచుకుంటుంది. ఏ మీటింగూ అంత ముఖ్యమైంది కాదు.

లేచే ముందు నలభై సెకన్లు

బ్రేక్ నుంచి వచ్చాక పని అందుకోవడానికి పట్టే సమయమే చాలామందిని సీటుకు కట్టేస్తుంది. దానికి మందు ఒక చీటీ. లేచే ముందు, తిరిగి రాగానే చేయాల్సిన మొదటి పనిని ఒక్క వాక్యంలో రాయండి. ‘జీఎస్టీ పని మిగిలింది’ అని రాస్తే లాభం లేదు. ‘కొనుగోళ్ల రిజిస్టర్‌కు, జీఎస్టీ పోర్టల్‌లోని 2బీ పట్టికకు తేడా వస్తోంది, రవాణా బిల్లులు వడపోసి మే నెలవి మొదట చూడాలి’ అని రాస్తే కూర్చోగానే చేయి దానంతటదే అక్కడికి పోతుంది. సగం రాసిన మెయిల్ ఉంటే చివరి వాక్యాన్ని మధ్యలోనే వదిలేయండి. వచ్చాక దాన్ని పూర్తి చేయడంతోనే ఊపు అందుతుంది.

తర్వాత ఫైల్ సేవ్ చేసి, విండోస్ మీట, ‘ఎల్’ కలిపి నొక్కి లాక్ చేయండి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడే ఆఫీసుల్లో లాక్ చేయగానే మీ పేరు పక్క చుక్క పసుపు రంగుకు మారుతుంది, చేయి కదపకుండా అయిదు నిమిషాలున్నా మారుతుంది. ఆ పసుపు చుక్కకు జడిసి సీట్లోనే కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్లు బోలెడుమంది. స్టేటస్ మెసేజ్‌లో ‘11:20కి సీట్లో ఉంటాను’ అని రాసి వెళ్లండి. తిరిగొచ్చే టైమ్ కనిపిస్తే ఎవరూ వెతకరు.

కళ్లు అలిస్తే

20–20–20 లెక్క తెలిసిందే: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. 20 అడుగులంటే సుమారు ఆరు మీటర్లు, అంటే ఎదుటి గోడ చాలదు. కిటికీ కావాలి. రుషికొండ పై అంతస్తుల్లో ఉన్నవారికి సముద్రం ఉంది. బీచ్ రోడ్డు వైపు ఆఫీసులకు లంగరు వేసి వంతు కోసం ఆగిన ఓడలు కనిపిస్తాయి, వాటిని లెక్కపెట్టండి. సిరిపురంలోనో డాబాగార్డెన్స్‌లోనో ఎదురుగా మరో బిల్డింగే ఉంటే దాని మీది నీళ్ల ట్యాంకైనా సరే. ఎంత దూరమైతే కంటి లోపలి కండరం అంత వదులవుతుంది.

స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, వేసినా సగమే మూస్తాం. పైగా ఏసీ. బయట చొక్కా ఒంటికి అంటుకునే ఉక్కపోత, లోపల కళ్లు ఎండిపోయే పొడి గాలి. ఏసీ గాలి ముఖానికి నేరుగా కొడుతుంటే దాని రెక్కలు పైకి తిప్పించండి, కుదరకపోతే కుర్చీ కోణం మార్చండి. కళ్లు మండుతుంటే పదిసార్లు నెమ్మదిగా, రెప్పలు పూర్తిగా కలిసేలా మూసి తెరవండి. స్క్రీన్ చాచిన చేయంత దూరంలో ఉండాలి, పై అంచు కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందకు గానీ రావాలి.

పది నిమిషాల కంటి బ్రేక్‌లో ఫోన్ జేబులోనే. అందులో వచ్చే రీల్స్ బుర్రకు మార్పేమో గానీ కంటికి ఇంకా దగ్గరి పని.

నడుము, మెడ, మణికట్టు

ఎంత మంచి కుర్చీ అయినా కదలిక లేకపోతే నడుము పట్టేస్తుంది. కింది నాలుగూ పాంట్రీలోనో మెట్ల దగ్గరో అయిదు నిమిషాల్లో అయిపోతాయి, ఎవరూ వింతగా చూడరు.

పిక్కలు: గోడకు చేయి ఆనించి మడమలు పైకెత్తి దించండి, 15 నుంచి 20 సార్లు. కాళ్లలో నిలిచిన రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరమే. సాయంత్రానికి చెప్పులు బిగుతయ్యేవారికి ఇది ముందు.

ఛాతీ: గుమ్మం మధ్య నిలబడి రెండు ముంజేతులూ ద్వారబంధానికి ఆనించి, ఒక కాలు ముందుకు వేయండి. భుజాల ముందు భాగం లాగినట్టు ఉండాలి, నొప్పి పుట్టకూడదు. 20 సెకన్లు, రెండుసార్లు.

మెడ: నేరుగా చూస్తూ గడ్డాన్ని వెనక్కి లాగండి, రెండో గడ్డం వచ్చేలా. అయిదు సెకన్లు ఆపి వదలండి, ఎనిమిదిసార్లు. మెడను గిరగిరా తిప్పేవాళ్లను చూస్తాం, అది వద్దు. పట్టేసిన మెడకు ఆ తిప్పడం పడదు, కొందరికి తల తిరుగుతుంది.

మణికట్టు: చేయి చాచి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా వెనక్కి వంచి 15 సెకన్లు పట్టుకోండి. తర్వాత కిందికి వంచి మరో 15.

లిఫ్టు మానేసి రెండు అంతస్తులు ఎక్కి దిగడం వీటన్నిటికంటే సులువు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఎక్కడం మెట్లమీద, దిగడం లిఫ్టులో పెట్టుకోండి. మోకాలికి దిగడమే ఎక్కువ భారం.

బుర్ర అలిస్తే

బుర్రకు కావాల్సింది సమాచారం లేని పది నిమిషాలు. నడక, కిటికీ, మొక్కలకు నీళ్లు, పనితో సంబంధం లేని కబుర్లు. టీ దగ్గర నిలబడి మేనేజర్‌ను తిట్టుకోవడం ఆ సమయానికి హాయిగానే ఉంటుంది, తిరిగొచ్చేసరికి మాత్రం వెళ్లినప్పటికంటే ఎక్కువ అలిసి వస్తారు. అప్రైజల్ నెలలో ఆ గుంపుకు కాస్త ఎడంగా నిలబడండి. సిగరెట్టు గుంపుకైతే ఏ నెలలోనైనా.

రోజంతా ఫోన్లో మాట్లాడేవారి సంగతి వేరు. అక్కడ అలిసేది గొంతు. కాల్ సెంటర్‌వాళ్లు బ్రేక్ మొత్తం కబుర్లతో గడిపేసి, సాయంత్రానికి గొంతు బొంగురుపోయిందంటారు. రెండు బ్రేకుల్లో ఒకటి మౌనంగా గడపండి. గోరువెచ్చటి నీళ్లు గుక్క గుక్కగా తాగండి. గొంతు సవరించుకోవడానికి గట్టిగా ఖంగ్ ఖంగ్‌మనడం మానేసి ఒక గుటక మింగండి.

భోజనం, కునుకు

డెస్కు మీద క్యారేజీ విప్పితే అది బ్రేక్ కింద లెక్క రాదు. తింటూ మెయిల్స్ చూస్తే ఎంత తిన్నదీ తెలియదు, తర్వాత మళ్లీ బజ్జీల మీదికి మనసు పోతుంది. నలభై నిమిషాలను ఇలా పంచండి: ఇరవై తినడానికి, పది నడవడానికి, పది ఖాళీగా. ముందు కూరా పప్పూ తిని, తర్వాత అన్నం పెట్టుకుంటే అన్నం దానంతటదే తగ్గుతుంది. పెరుగన్నం మానక్కర్లేదు. తగ్గించాల్సింది మొదటి రెండు వాయిలు.

కునుకు తీసే వీలుంటే 15 నిమిషాలు, అలారం 20కి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకో అరగంట మబ్బుగా ఉంటుంది. చేతుల మీద తల పెట్టి పడుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చిన్న తువ్వాలు చుట్టి నుదుటి కింద పెట్టుకోండి. కారులో పడుకునేవారికి ఒక హెచ్చరిక: సెల్లార్ పార్కింగ్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని పడుకోవద్దు. మూసిన చోట పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చేరుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

టీ లెక్క

బడ్డీ దగ్గర చిన్న గ్లాసు టీలో పంచదార రెండు చెంచాల దాకా ఉంటుంది. రోజుకు అయిదు టీలంటే పది చెంచాలు, దాదాపు 40–50 గ్రాములు. ‘పంచదార తక్కువేసి ఇవ్వు బాబూ’ అని వారం రోజులు చెబితే ఎనిమిదో రోజు నుంచి చెప్పకుండానే ఇస్తాడు.

కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదిన్నరకు పడుకునేవారికి చివరి టీ, కాఫీ మూడున్నర బ్రేక్‌లోదే కావాలి. 5:15 బ్రేక్‌కు మజ్జిగో కొబ్బరి బొండామో చాలు. నమలడానికైతే ఉడకబెట్టిన వేరుశనక్కాయలో జామకాయో. సమోసా వారానికి రెండుసార్లయితే తప్పేం లేదు.

విశాఖ ఎండలో బయటికి వెళ్లడం

బ్రేక్ అంటే బయటికి నడవడమే అని చదివి మే నెలలో 12 గంటలకు రోడ్డెక్కితే, తిరిగొచ్చాక గంటసేపు పని సాగదు. ఇక్కడ థర్మామీటర్ 35 చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆపైన తడిసిన చొక్కాతో 22 డిగ్రీల ఏసీలో కూర్చుంటే వణుకు.

మార్చి నుంచి జూన్ దాకా 11:10 బ్రేక్ లోపలే తీసుకోండి: మెట్లు, కారిడార్, లాబీ. మధ్యాహ్నం తప్పక నడవాలనుకుంటే బిల్డింగ్‌కు తూర్పు వైపు నడవండి. పొద్దు పడమటికి వాలాక నీడ అటే పడుతుంది, సముద్రపు గాలీ అటునుంచే వస్తుంది. ఒకే నడకలో రెండూ దొరుకుతాయి. డ్రాయర్‌లో చేతి తువ్వాలు, మార్చుకోవడానికి ఒక బనియను ఉంచండి. చెమట తుడుచుకుని, రెండు నిమిషాలు లాబీలో ఆగి, అప్పుడు ఏసీలోకి వెళ్లండి.

రుషికొండ వైపువారికి ఇంకో చిక్కుంది. చాలా ఆఫీసులు కొండ మీద, టీ బడ్డీలు కింద. దిగడం నాలుగు నిమిషాలైతే ఎక్కడం ఏడు, లిఫ్టు దగ్గర వరస అదనం. పది నిమిషాల బ్రేక్‌కు కిందికి దిగొద్దు, అది భోజనం బ్రేక్‌లో పెట్టుకోండి. పదికి పాంట్రీయే గతి. టీ ఎలా ఉన్నా సరే.

అక్టోబరు, నవంబరుల్లో వాన ముసురు పడితే టెర్రస్ మాట మర్చిపోండి. నాచు పట్టిన మెట్ల మీద జారి పడితే అది పెద్ద బ్రేకే అవుతుంది. డిసెంబరు, జనవరిలో మాత్రం 3:30కి బయటే ఉండండి. ఈ ఊళ్లో అంతకంటే మంచి నడక కాలం లేదు.

పైవారికి చెప్పడం

అనుమతి అడిగినట్టు కాకుండా సమాచారం ఇచ్చినట్టు చెప్పండి, పక్కనే పని ఎప్పటికి అందుతుందో కలపండి. ‘సార్, 11:10 నుంచి పది నిమిషాలు సీట్లో ఉండను. రిపోర్టు 12 లోపు మీకు పంపేస్తాను.’ ఇందులో మేనేజర్ వినేది రెండో వాక్యమే. ‘కాస్త రిలాక్స్ అయి వస్తా సార్’ అంటే ఆయన వినేది ఆ రిలాక్సే.

క్యాలెండర్‌లో మీ బ్రేకులను ముందే అడ్డుగా వేసుకోండి. గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో ‘స్పీడీ మీటింగ్స్’ ఆన్ చేస్తే మీరు పెట్టే అరగంట మీటింగ్ 25కి, గంటది 50కి తగ్గుతుంది. ఔట్‌లుక్‌లోనూ మీటింగులను ముందే ముగించే ఇలాంటి ఏర్పాటు ఉంది. ఒకరు మొదలుపెడితే టీమ్‌లో మిగతావారికీ ఊపిరి ఆడుతుంది.

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లో పని మధ్య విశ్రాంతి విరామం గురించి ఉంది, కానీ అది భోజనం బ్రేక్ లాంటి పెద్ద విరామం సంగతి. ఈ పది నిమిషాలు మీ ఆఫీసు పాలసీని, మీ నోటి మంచితనాన్ని బట్టి ఉంటాయి.

కౌంటర్ వదలలేని ఉద్యోగాల్లో జత కట్టుకోవడమే దారి. ‘మూర్తి గారూ, అయిదు నిమిషాలు నా కౌంటర్ చూస్తారా, తర్వాత మీరు వెళ్లిరండి’ అని రోజూ ఒకే టైమ్‌కు. బోర్డు మీద తిరిగొచ్చే సమయం రాసి పెడితే జనం గొణగరు. నిమిషాలు లెక్కగట్టే కాల్ సెంటర్లలో బ్రేక్ మొదటి నిమిషం బాత్రూమ్‌కు, చివరి నిమిషం లాగిన్‌కు తీసేసి మిగిలిందే మీదని ప్లాన్ చేసుకోండి.

పని మీద పడిన వారం

నెలలో 11, 20 తేదీల రిటర్ను గడువులు దగ్గరపడితే జీఎస్టీ చూసేవారికి, మార్చి 31కి ముందు అకౌంట్స్‌వారికి, ఓడ బెర్తు మీద ఉంటే క్లియరింగ్‌వారికి ఈ చట్రం నిలవదు. అప్పుడు పది నిమిషాలవి రెండూ అయిదుకు దించండి, భోజనం పాతికకు దించండి, కళ్ల 20 సెకన్లను మాత్రం ముట్టుకోవద్దు. పొద్దున్న బ్రేకులన్నీ దాచి సాయంత్రం ఒకేసారి గంట తీసుకుందామనే లెక్క పనిచేయదు. ఆ గంటకు ముందు మూడు గంటల్లో పడిన తప్పులు దిద్దడానికే రాత్రి తొమ్మిదవుతుంది.

నాలుగు వారాలు బ్రేకులు సరిగ్గా తీసుకున్నా రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, తలనొప్పి రోజూ ఒకే వేళకు వస్తుంటే, నడుము నొప్పి కాలిలోకి దిగుతుంటే డాక్టర్‌కు చూపించండి. ఛాతీలో పట్టేసినట్టుంటే నాలుగు వారాలు కాదు, నాలుగు నిమిషాలు కూడా ఆగొద్దు. ఆఫీసు పేరెత్తితేనే ఏడుపు వచ్చే స్థితిలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

రాత్రి షిఫ్టువారు పైన చెప్పిన గంటలన్నీ తిప్పి వేసుకోవాలి. వారికి మందగించే వేళ తెల్లవారుజామున మూడు నుంచి అయిదు. పెద్ద బ్రేక్, కునుకు రెండూ దానికి ముందు, రెండు రెండున్నర మధ్య పెట్టుకోండి. టీ రెండున్నర తర్వాత వద్దు, లేదంటే పొద్దున్న ఎనిమిదికి పడుకున్నా నిద్ర పట్టదు. క్యాబ్ లేక సొంత బండి మీద రుషికొండ నుంచి గాజువాక దాకా పోవాల్సినవారు షిఫ్ట్ అవగానే బయల్దేరకండి. పావుగంట కునుకు తీసి, ముఖం కడుక్కుని, అయిదు నిమిషాలు నడిచి, మబ్బు పూర్తిగా వదిలాకే బండి తీయండి.